దిగి పొయ్యేదానికేమప్పా

పాల ప్యాకెట్ పగిలితే అంత చప్పుడు వస్తుందని నాకు తెలియదు. 'టప్'మని ఒక్కటే చప్పుడు. ఫుట్‌పాత్ మధ్యలో పసుపు రంగు గీతల టైల్స్ ఉంటాయి చూడండి, చూపు లేనివాళ్ళు కర్రతో తడుముకుంటూ నడవడానికి వేసినవి, ఆ గీతల సందుల్లోంచి పాలు చిన్న చిన్న కాలువల్లా పారాయి. నేను సైకిల్ హ్యాండిల్ పట్టుకుని వాటినే చూస్తూ నిలబడ్డాను. పెద్దాయన ముఖంలోకి చూసే ధైర్యం రాలేదు.

బెంగళూరులో మారతహళ్ళి నుంచి కాడుబీసనహళ్ళి వైపు ఆఫీసుకు నేను సైకిల్ మీద వెళ్తాను. ఏళ్ళ తరబడి అలవాటు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డు ఒకచోట బాగా సన్నబడిపోతుంది. ఒక పక్క బారికేడ్లు, ఇంకో పక్క కంపెనీ బస్సులు, మధ్యలో నీళ్ళు నిండిన గుంత. లోతెంతో ఎవరికీ తెలియదు. అక్కడ ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందున్న ర్యాంపు మీదుగా ఫుట్‌పాత్ ఎక్కేసి, నాలుగు వందల మీటర్లు దాని మీదే తొక్కి, బస్టాపు దాటాక మళ్ళీ రోడ్డు మీదికి దిగడం నాకు మామూలు. ఆ రోజు సన్నగా తుంపర. ముందు ఒక ముసలి జంట నడుస్తున్నారు. బెల్ కొట్టాను. ఆయన ఎడమకు జరిగాడు, ఆవిడ కుడికి జరిగింది. అంతలో ఆవిణ్ణి ఒక్కదాన్నే అటుపక్క వదిలెయ్యడం ఇష్టం లేక కాబోలు, ఆయన మళ్ళీ ఆవిడ వైపు వచ్చాడు. బ్రేకు వేశాను. తడి టైల్స్. హ్యాండిల్ కొస ఆయన చేతిసంచికి తగిలింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పినప్పుడు ముందుగా ఈ మాటే చెప్పాను. అడక్కముందే.

డబ్బులివ్వబోతే ఆయన తీసుకోలేదు. మొదట కన్నడంలో "ఇళిదు హోగప్పా" అన్నాడు, దిగి వెళ్ళప్పా అని. నేను కంగారులో ఏదో తెలుగులో గొణగడం విని ఆయనా తెలుగులోకి మారాడు. తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్నవాళ్ళ తెలుగు అది. "దిగి పొయ్యేదానికేమప్పా నీకు?" అన్నాడు. అందులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. నా దగ్గర జవాబు లేదు.

నెలన్నరగా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాను. తిరిగి తిరిగి తేల్చుకున్నది ఇది: రోడ్డు ఎంత అన్యాయంగా ఉన్నా సరే, ఫుట్‌పాత్ ఎక్కితే సైకిల్ దిగాల్సిందే. ఇంత చిన్న విషయానికి నెలన్నరా అంటే, దీనికి అడ్డొచ్చిన వాదనలు చిన్నవి కావు.

అసలు దొంగలు వాళ్ళు కదా

మా సైకిల్ వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెట్టడమే ఆలస్యం, అందరూ మీద పడ్డారు. ఆ ఫుట్‌పాత్ మీద రోజూ ఎన్ని స్కూటర్లు పోతాయో లెక్కపెట్టావా, హారన్ కొట్టి మరీ జరగమంటారు, వాళ్ళనొదిలేసి మనల్ని మనమే తిట్టుకోవడమేంటి అన్నారు. నిజమే. మోటారు బండి ఫుట్‌పాత్ ఎక్కకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల నుంచీ ఉంది. సాయంత్రం ఆరింటికి సర్వీస్ రోడ్డు జామ్ అయితే ఆ నిబంధన ఎవరికీ గుర్తుండదు. ఇక లైసెన్సు అక్కర్లేని చిన్న బ్యాటరీ బండ్లున్నాయి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే మన చట్టం దాన్ని మోటారు వాహనంగా లెక్కెయ్యదు. రిజిస్ట్రేషన్ లేదు, నంబరు ప్లేటు లేదు. వెనకాల పెద్ద సంచి తగిలించుకున్న డెలివరీ కుర్రాడు చప్పుడు లేకుండా మన మోచేతి పక్కనుంచి దూసుకుపోతాడు. వీళ్ళందరి ముందు నా గేర్ల సైకిల్ ఏపాటిది?

కొన్నాళ్ళు ఈ వాదన నాకూ హాయిగానే ఉండింది. తర్వాత ఒకరోజు సైకిల్ పంక్చరై అదే ఫుట్‌పాత్ మీద నడిచి వస్తున్నాను. వెనకనుంచి బైకు హారన్ వినపడి ఒళ్ళు ఝల్లుమంది. ఎటు జరగాలో తెలియక అక్కడే బిగుసుకుపోయాను. నా బెల్ విన్నప్పుడు పెద్దాయనకూ ఇలాగే అయ్యుంటుంది. వెనక నుంచి వచ్చే బండి ఎన్ని కిలోలదో చెవికి తెలియదు.

గంటకు 15 కిలోమీటర్లంటే సైకిల్ మీదున్నవాడికి నిదానమే. సెకనుకు నాలుగు మీటర్లు దాటుతున్నాడని వాడికి తోచదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అదే సెకనులో మీటరు కూడా నడవలేడు. బెల్ కొట్టాను కదా అని నేను మొదట్లో తెగ వాదించాను. కానీ బెల్ కొడితే ఉలిక్కిపడి ఏదో ఒక వైపు జరుగుతారు, ఏ వైపో మనకు ముందుగా తెలియదు. కొట్టకపోతే పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఉలిక్కిపడతారు. మధ్యేమార్గమని మర్యాదగా ఒక్కసారే, మెల్లగా కొట్టేవాణ్ణి. దానికీ ఉలిక్కిపడేవాళ్ళు.

బస్సు నన్ను భయపెడుతుంది. నేను ఆ భయాన్ని ఫుట్‌పాత్ మీదికి తెచ్చి, నాకంటే నెమ్మదైన మనిషి మీద దించేసి ఆఫీసుకు పోతున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. పాలు కూడా పోయాయి కాబట్టి సామెత మరీ సరిగ్గా కుదిరింది.

టేపు పెట్టి కొలిస్తే

ఒక ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని వెళ్ళాను. మా అమ్మాయి ఒక కొస పట్టుకుంది. నా సైకిల్ హ్యాండిల్ వెడల్పు 68 సెంటీమీటర్లు. నడవడానికి ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు వదలాలని, రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా నాలుగు వందల మీటర్లలో అంత వెడల్పు ఉన్నది రెండు చోట్లే. కరెంటు పెట్టె దగ్గర 95 సెంటీమీటర్లు. వేర్లు టైల్స్‌ని పైకి లేపిన చెట్టు దగ్గర మీటరూ పది. పీజీ హాస్టల్ వాళ్ళు 'ఆంధ్రా భోజనం కలదు' అని నిలబెట్టిన బోర్డు దగ్గర, బోర్డు పక్కకు జరిపితే మీటరున్నర, జరపకపోతే మీటరు. జరిపి కొలిచి మళ్ళీ అక్కడే పెట్టేశాం. కొబ్బరిబోండాల బండిని మాత్రం నేను అడ్డంకుల లెక్కలో వెయ్యలేదు. ఆ ఎండలో అక్కడ ఆగే మనిషికి ఆ బండి కావాలి.

95 సెంటీమీటర్లలో నా 68 పోతే మిగిలేది 27. మూరెడు కూడా కాదు. "తాతయ్య ఇందులో ఎలా పడతారు నాన్నా?" అంది మా అమ్మాయి. ఆమె అడిగింది తన తాతయ్య గురించి, మా నాన్న గురించి. ఆయన మొన్న వేసవిలో వచ్చినప్పుడు ఈ ఫుట్‌పాత్ మీదే పాలకు వెళ్ళేవాడు.

అదే రోజు ఫోన్లో టైము కూడా చూశాను. తొక్కితే రెండు నిమిషాలు. దిగి నడిపిస్తే ఐదు. ఇంత గొడవా మూడు నిమిషాల కోసం.

జపాన్‌లో ఫుట్‌పాత్ మీద తొక్కనిస్తారు కదా అని గ్రూపులో ఒకాయన అన్నాడు. 1970ల నుంచి అనుమతిస్తున్నారు, బోర్డు పెట్టిన చోట్ల. కానీ మెల్లగా వెళ్ళాలి, రోడ్డు వైపే ఉండాలి, నడిచేవాళ్ళకు అడ్డమైతే ఆగిపోవాలి. మనవాళ్ళు జపాన్ నుంచి మొదటి సగమే తెచ్చుకుంటారు. ఇంగ్లండులో 1835 నాటి చట్టం ఇప్పటికీ ఫుట్‌పాత్ మీద తొక్కడం నేరమంటుంది. పెడల్ సైకిల్ ఇంకా పుట్టని రోజుల్లో రాసిన చట్టం! నాకు వీటన్నిటిలోకీ నచ్చింది జర్మనీ పద్ధతి. అక్కడ ఎనిమిదేళ్ళు నిండేదాకా పిల్లలు ఫుట్‌పాత్ మీదే తొక్కాలి, పదేళ్ళు నిండేదాకా కావాలంటే తొక్కొచ్చు. మా అమ్మాయికి తొమ్మిది. నేను దిగి నడుస్తుంటే అది నా ముందు తొక్కుతుంది. ఇదేం న్యాయం అని అడిగితే జర్మనీ పేరు చెప్పి తప్పించుకుంటున్నాను.

దిగడం అంటే

ఇక్కడిదాకా రాసి, చివర్లో మా నాన్న గురించి ఒక పేరా కలిపి గ్రూపులో పెట్టాను. ఆయన హిందూపురంలో బడిపంతులు. నల్ల హెర్క్యులస్ సైకిల్, డైనమో లైటు. తనకు చదువు చెప్పిన అయ్యవారు ఎదురొస్తుంటే పదడుగుల ముందే దిగేవాడు. కుడికాలు వెనకనుంచి తిప్పి, ఎడమ పెడల్ మీదే నిలబడి, కొంత దూరం అలాగే జారుతూ వచ్చి నేల మీద అడుగు వేసేవాడు. ఆ దిగడం చూడ్డానికే బాగుండేది. సైకిల్ దిగడం మన దగ్గర మర్యాద, ఆ మర్యాదను నగరం మర్చిపోయింది అని రాశాను. చాలా లైకులొచ్చాయి.

మర్నాడు ఆఫీసులో టీ దగ్గర, మా టీములోనే పనిచేసే ఒంగోలు వైపు కుర్రాడు నా పక్కన నిలబడ్డాడు. అతనూ రోజూ సైకిల్ మీదే వస్తాడు.

"అన్నా, మా తాత కూడా దిగేవాడు" అన్నాడు.

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"రోజూ దిగేవాడు. పెద్దోళ్ళ బజారు మొదట్లో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ పోయి, బజారు చివర మళ్ళీ ఎక్కేవాడు. అరుగుల మీద ఎవ్వరూ లేకపోయినా దిగేవాడు. కొత్త సైకిల్ కొన్న రోజు ఊళ్ళోకి తొక్కుకుంటూ రాలేదంట. కొట్టు దగ్గర్నుంచి ఇంటిదాకా నడిపించుకుంటూనే తెచ్చాడంట."

నాకేం మాట్లాడాలో తెలియలేదు.

"మా నాన్న ఒకసారి దిగలేదు. ఆ కథ ఇంకెప్పుడైనా చెప్తాలే" అని కప్పు డస్ట్‌బిన్‌లో పడేసి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మర్యాద పేరా తీసేశాను. తీసేస్తే సరిపోలేదు. మా నాన్న తనకిష్టమై దిగాడు, వాళ్ళ తాత గత్యంతరం లేక దిగాడు, ఇద్దరి కాళ్ళూ చేసింది ఒకటే పని. నేను 'దిగాలి' అని రాస్తున్నప్పుడు నా చెవికి మా నాన్న సైకిల్ చప్పుడు వినిపిస్తోంది. అతని చెవికి ఏం వినిపిస్తుందో నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. మా నాన్న ఏ వీధిలో ఎవరికి దిగకుండా పోగలిగాడో, ఆయనకెవరెవరు దిగేవారో కూడా నేనెప్పుడూ అడగలేదు.

రెండు రోజుల తర్వాత అతనితో వాదించాను. ఆ బజారులో సైకిల్ మీదున్నవాడు బలహీనుడు, అరుగు మీద కూర్చున్నవాడు బలవంతుడు. ఇక్కడ తిరగబడింది. ఇక్కడ బలం మనది, ఇనుమూ వేగమూ మన దగ్గరున్నాయి. అప్పుడు బలం చూసి దిగారు, ఇప్పుడు బలం మన దగ్గరుంది కాబట్టి దిగుతున్నాం, రెండూ ఒకటెలా అవుతాయి అన్నాను. నా మటుకు నాకు ఇది తిరుగులేని వాదన అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

అతను విన్నాడు. "కరెక్టే అన్నా. కాకపోతే అది నువ్వు కూర్చుని ఆలోచించి చెప్పే మాట. దిగు అన్న మాట వినపడితే నాకు లోపల అయ్యేది ఆలోచన కాదు" అన్నాడు.

పోనీ బోర్డు పెడితేనో అన్నాను. మనిషి చెప్పనక్కర్లేదు, 'సైకిల్ దిగి నడవండి' అని బోర్డు చెబుతుంది.

"బోర్డు పెడితే అసలే దిగను" అని అప్పుడు నవ్వాడు.

రోడ్డులోంచి తియ్యాలి

నా నియమానికి ఇంకో చోట కూడా చిల్లు పడింది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఒడిశా నుంచి వచ్చినాయన. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ దిగి, లైటు లేని పాత సైకిల్ మీద, ఆ ఫుట్‌పాత్ మీదుగానే వాళ్ళ షెడ్డుకు వెళ్తాడు. ఒకరోజు మాటల్లో నా కొత్త సిద్ధాంతం చెప్పాను. "పన్నెండు గంటలు నిలబడే ఉన్నాను సార్, ఇంటికి కూడా నడిచే పొమ్మంటారా?" అన్నాడు, నవ్వుతూనే. లైటు లేని సైకిల్‌తో ఆయన్ని ఆ టైములో టెంపోల మధ్యకు పంపమని నేను అనలేను. దిగమనీ అనలేను. నాకైతే హెల్మెట్ ఉంది, వెనకాల మిణుకుమనే ఎర్రలైటు ఉంది, అరగంట ముందు బయల్దేరే వీలుంది, వాన వస్తే క్యాబ్ ఎక్కే జేబు ఉంది. మూడు నిమిషాలు నాకు ఖర్చు కాదు. ఆయన కాళ్ళకు ఖర్చే. నా నియమం ఆయన దగ్గర వీగిపోతుంది, ఒప్పుకుంటున్నాను. ఒక లైటు కొనిచ్చాను. దాంతో తీరే సమస్య కాదని ఇద్దరికీ తెలుసు.

అయితే దిగాలన్న మాట ఎవరికి చెప్పాలి? నా వరకు నేను పాటిస్తాను. నాలాంటి సైకిళ్ళున్న నాలాంటి వాళ్ళతో గట్టిగా వాదిస్తాను. కానీ ఊరిని అడగాల్సింది వేరే ఉంది. సైకిల్ దారి వేస్తే అది రోడ్డులోంచి తీసి వెయ్యాలి, ఫుట్‌పాత్‌లోంచి కాదు. ఉన్న ఫుట్‌పాత్ మీదే సైకిల్ బొమ్మ గీసి, ఇద్దరూ సర్దుకోండి అనడం చవకైన పద్ధతి. కార్ల నుంచి ఒక్క అడుగు కూడా తీసుకోనక్కర్లేదు, లెక్కలో మాత్రం సైకిల్ దారి కిలోమీటర్లు పెరుగుతాయి. ఆ తర్వాత నేనూ పెద్దాయనా కొట్టుకు చస్తాం.

రోడ్డులోంచి తీసిన సందర్భం ఈ ఊళ్ళోనే ఉంది. 2020లో, కరోనా ఏడాది, సిల్క్‌బోర్డు నుంచి కె.ఆర్. పురం వైపు ఇదే అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక పక్కన బొల్లార్డులు, అంటే పొట్టి స్తంభాలు, పాతి సైకిళ్ళకు దారి వదిలారు. నేను రోజూ తొక్కేవాణ్ణి. ఒక మోటారు లేన్‌లోంచి తీసుకున్న దారి మీద ఈ నగరంలో సైకిల్ తొక్కడమంటే పండగే. తర్వాత బొల్లార్డులు విరిగాయి, బైకులు దూరాయి, తవ్వకాలొచ్చాయి, ఆ దారి కరిగిపోయింది. ఇప్పుడు సిగ్గుతో గుర్తు చేసుకునేది ఇంకోటి ఉంది. ఆ దారిలో మనుషులు నడిచేవారు. పక్కన ఫుట్‌పాత్ సరిగా లేక, బొల్లార్డుల వెనకాల కాస్త భద్రంగా ఉందని నడిచేవారు. నేను విసుక్కుంటూ బెల్ కొట్టేవాణ్ణి. "ఇది సైకిళ్ళ దారి" అని ఒకామెతో అన్నాను కూడా. చేతిలో టిఫిన్ క్యారియర్‌తో ఆమె రోడ్డు మీదికి దిగి, నేను వెళ్ళాక మళ్ళీ లోపలికి వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను కాబట్టి నాకు తెలుసు.

అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టంగా చెప్పింది. సెయింట్ మార్క్స్ రోడ్డు, విట్ఠల్ మాల్యా రోడ్డు వైపు టెండర్‌ష్యూర్ అనే రోడ్ల పథకం కింద వేసిన వెడల్పాటి ఫుట్‌పాత్‌ల మీద నడిస్తే ఆ హక్కు ఎలా ఉంటుందో కాళ్ళకు అర్థమవుతుంది. మా వైపు అది ఇంకా కరెంటు పెట్టె దగ్గరే ఇరుక్కుని ఉంది.

మొన్న గురువారం, మామూలుగా దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్తున్నాను. ముందు ఒక యాభై అడుగుల దూరంలో మా ఒంగోలు కుర్రాడు కనిపించాడు. అతని ముందు ఒక గర్భిణి, పక్కన ఇంకో ఆడమనిషి, ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ ఫుట్‌పాత్ అంతా పరుచుకుని నడుస్తున్నారు. అతను దిగలేదు. సీటు మీదే కూర్చుని, ఒక కాలు నేల మీద ఆనించి, అడుగు తోసి, ఆగి, మళ్ళీ అడుగు తోసి, వాళ్ళ వెనకాలే వాళ్ళ నడకతోనే వెళ్తున్నాడు. బెల్ కొట్టలేదు. వెనక ఒక సైకిల్ వస్తోందని ఆ ఇద్దరికీ బస్టాపు దాకా తెలియలేదు.

నేను పిలవలేదు. అంతసేపూ అతను ఎక్కడైనా దిగుతాడేమోనని చూస్తూనే నడిచాను.